నేను అడిగిన సెలవు

అధ్యక్షులు, మా గ్రామపెద్ద కుమగాయి గారికి, ముందు వరుసలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న పెద్దలకు, లిఫ్టు ఉచితమని పొద్దున్నే వచ్చి, పంది మాంసం సూపు ఉచితమని మధ్యాహ్నం ఆగి, నా ప్రసంగం కూడా ఉచితమే కావడంతో లేచి వెళ్ళలేక కూర్చున్న మిత్రులందరికీ ఈ ఒబనాయి తొకుజో నమస్కారాలు.

ఏటా మార్చిలో ఈ శని, ఆదివారాల్లో మన షిరొమొరి స్కీ కొండ ఊరివాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకుంటుంది. నలభై ఒక్క ఏళ్ళు ఆ కృతజ్ఞతలు నేను, మిమ్మల్ని కుర్చీల్లో కొండపైకి మోసే లిఫ్టు మీట నొక్కి చెప్పాను. ఈసారి మీరు నాకు చెబుతున్నారు. వెనక ఆ గుడ్డ మీద నా పేరు ఎంత పెద్దగా రాయించారంటే, కంటి ఆపరేషన్ కాకపోయినా చదవగలిగేవాణ్ణి. (నవ్వులు)

నవ్వకండి, అసలు సంగతి ఆ ఆపరేషన్ దగ్గరే ఉంది. జనవరిలో పట్నం డాక్టరు నాకు శుక్లాలు వచ్చాయని, రెండు వారాలు ఇంట్లో కూర్చోవాలని చెప్పాడు. సీజన్ మధ్యలో రెండు వారాలు అడగడమంటే నాకు సిగ్గేసింది. అందుకని గ్రామపెద్ద గారికి ఉత్తరం రాస్తూ, రోజుల లెక్క వేస్తే మోటుగా ఉంటుందనుకుని, ‘ఇన్నేళ్ళూ నన్ను భరించారు, నా కళ్ళు మునుపటిలా లేవు, దయచేసి సెలవు ఇప్పించండి’ అని మాత్రమే రాశాను. కుమగాయి గారు అది చదివి కన్నీళ్ళు పెట్టుకున్నారట.

(హత్సుయె బామ్మ సభలోంచి: “గట్టిగా చెప్పవయ్యా, ఇక్కడికి వినపడి చావట్లేదు!”)

చెబుతున్నాను బామ్మగారూ. ఆ సాయంత్రమే ఆయన ముల్లంగి ఊరగాయ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నడుం వంచి, “ఎంత కష్టపడ్డారండీ ఇన్నాళ్ళూ!” అన్నారు. శుక్లాలకు ఇంత మర్యాద ఏమిటా అనుకుని నేను, “అబ్బే, చిన్న విషయం. పదిహేను నిమిషాల్లో అయిపోతుందట” అన్నాను. నలభై ఒక్క ఏళ్ళను పదిహేను నిమిషాల్లో వదిలేసుకునే మనిషి అని ఆయన ఊరంతా చెప్పారు. కుమగాయి గారూ, తల దించుకోకండి, నేనింకా సగంలోనే ఉన్నాను.

కట్టు విప్పించుకుని తిరిగి వచ్చేసరికి లిఫ్టు గదిలో చిదా మియోకో గారున్నారు. చేపల కొట్టులో ఉద్యోగం మానేసి వచ్చారట. ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెన మీద ఈ గుడ్డ కొలతలు తీసుకుంటున్నారు. అప్పుడు నోరు తెరిచి అడగాల్సింది. అడగలేదు. నన్ను మర్యాదగా గెంటేస్తున్నారు కాబోలు, నేను కూడా మర్యాదగా గెంటించుకోవాలనుకున్నాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు ఒకటే మాటంది: “మీరూ, ఆ గ్రామపెద్ద గారూ కలిసి ఊరిని మర్యాదతో చంపేస్తారు.”

మొన్న బుధవారం ఊరి స్నానశాలలో, వేడినీళ్ళ తొట్టెలో ఇద్దరం మెడదాకా మునిగి ఉండగా, కుమగాయి గారు నిట్టూర్చి, “మీరు వెళ్తానని పట్టుబట్టకపోతే ఇంకో పదేళ్ళు మిమ్మల్ని కదిలించేవాళ్ళం కాదండీ” అన్నారు. నేను పట్టుబట్టానట! ఆయన ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. నా ఉత్తరాన్ని ఆయన ఎలా చదువుకున్నారో అప్పుడు నాకు అర్థమైంది. ఇంటికి వెళ్ళి ఒక ప్రసంగం రాసుకున్నాను. ఇప్పుడు మీరు వింటున్నది అది కాదు. అందులో, అయ్యా, నేను అడిగింది రెండు వారాలు, నా మీట నాకు ఇచ్చేయండి అని రాశాను. అది ఇప్పటికీ నా జేబులో ఉంది.

ఈ పొద్దున నేను మీలాగే లిఫ్టు కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందు హత్సుయె బామ్మగారు. ఎనభై నాలుగేళ్ళు, తుంటి నొప్పి, అయినా స్కీలు విప్పరు. ఆవిడ కర్ర పైకెత్తితే నేను లిఫ్టు వేగం తగ్గించేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా మా మధ్య ఒప్పందం అది. ఈవేళ ఆవిడ కర్ర ఎత్తకముందే కుర్చీలు నెమ్మదించాయి. నేను గది దగ్గరికి వెళ్ళి ఎందుకు తగ్గించారని అడిగాను, కొంచెం దర్పంగానే.

చిదా గారు ముఖం తిప్పకుండా, “బామ్మగారు నొప్పి ఉన్న రోజు ఎడమ కాలు ముందు పెడతారండీ. కర్ర ఎత్తాలంటే ఆవిడకి నామోషీ” అన్నారు.



ముప్పై ఏళ్ళు నేను కర్ర వైపే చూశాను. కాళ్ళ వైపు చూడలేదు. ఇది శుక్లాల మీదకు నెట్టడానికి లేదు, అవి నిరుడు వచ్చాయి.

చిదా గారూ, లేవకండి, కూర్చోండి. ఆ ఉద్యోగం మీదే. కుమగాయి గారూ, మీరు కూడా లేవకండి, ఇద్దరూ లేచి ఒకరికొకరు వంగి నమస్కారాలు మొదలుపెడితే సూపు చల్లారిపోతుంది. (నవ్వులు)

నాకు వెళ్ళాలని లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. ఈ మాట ఇప్పుడైనా సూటిగా చెప్పకపోతే మళ్ళీ ఇంకోలా అర్థం చేసుకుంటారు. ఆ గదిలో నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే నాకు కడుపు మండుతోంది. అయినా వెళ్తున్నాను, ఎందుకంటే ఆవిడ నాకంటే బాగా చూస్తున్నారు. మీ ఊరగాయకు, మీ గుడ్డకు, నలభై ఒక్క ఏళ్ళు నా చేతి మీద నమ్మకంతో గాల్లో కూర్చున్నందుకు, అందరికీ కృతజ్ఞతలు.

సెలవు. ఈసారి గ్రామపెద్ద గారు చదువుకున్న అర్థంలోనే.