అమెరికా కారు కుడి లైటు

కేసముద్రం మార్కెట్ యార్డు ముందర ఓదెమ్మ చాయ్ బండి, దాన్ని ఆనుకుని సోమనర్సయ్య రేకుల షాపు. లారీలకు, ట్రాక్టర్లకు లైట్లు, హారన్లు బాగుచేయడం ఆయన పని. మాట్లాడడం ఆయన ఇష్టం. ఈ రెండింట్లో ఏది ముందు మొదలైతే అది పూర్తయ్యాకే రెండోది. అందుకే తొందర పని మీద వచ్చినవాళ్లు ఆయనకు చాయ్ చెప్పరు.

కొండల్‌కు ఈ సంగతి తెలియదు. మబ్బు పట్టిన ఆ పొద్దున ఆయన తన అమెరికా కారును తెచ్చి షాపు ముందు ఆపి, రాగానే అందరికీ చాయ్ చెప్పేశాడు. కారు ఆయనకన్నా వయసులో పెద్దది. ఓడ మీద వచ్చి, హైదరాబాద్‌లో బాగుచేయించుకుని, పోయిన నెలలో ఊరు చేరింది. అది రోడ్డెక్కాలంటే మానుకోటలో ఇన్‌స్పెక్టర్ చూసి సరే అనాలి. ఆయన అన్నీ చూసి, అన్నీ బాగున్నాయి గానీ ముందర కుడి లైటు వెలగడం లేదు, వెలిగించుకుని రండి అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం లోపల పోకపోతే ఆ తర్వాత దసరా సెలవులు. దసరా నాడు తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జమ్మి దగ్గరికి ఈ కారులోనే పోతానని కొండల్ ఊరంతా చెప్పుకున్నాడు. ముసలామె కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది. అత్త మొహం చూడలేక భార్య రుక్మిణి తానూ కారెక్కి వచ్చింది.

సోమనర్సయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కుడి లైటు అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు, ఎడమ లైటు మీదా కొట్టాడు. దాన్ని ఎక్కడ విప్పాలో ఆయనకు అంతు పట్టలేదు. అంతు పట్టలేదని ఒప్పుకునే మనిషి కాదు కాబట్టి స్క్రూడ్రైవర్‌ను బెంచీ మీద పెట్టి, కారుకు వీపు పెట్టి కూర్చుని చాయ్ అందుకున్నాడు. మక్కజొన్నల లారీ దించడానికి వచ్చి వరుసలో ఆగిపోయిన డ్రైవర్ జైసింగ్ కాస్త జరిగి చోటిచ్చాడు.

"కూసో పటేలా, గాబర పడకు. గిసొంటి కార్లు నాకు కొత్తగాదు. పోయినేడు ముసురు పెట్టిన దినాలల్ల టేకుమట్ల కాడ ఒక పెద్దమనిషి, పేరు నేను చెప్ప, చెప్తే ఆయనకు దిష్టి తగుల్తది, అచ్చం గిట్లాంటి కారే తెచ్చుకున్నడు. భూపాలపల్లిల చూపిచ్చిండు, జనగామల చూపిచ్చిండు, అందరు చేతులెత్తేసిన్రు. ఆఖరుకు నన్ను పిలిచిండు. పోయిన. నేను చేసింది పెద్ద పనేం గాదు, ఉన్నదున్నట్టు చెప్పాలె గదా. ఒక బల్బు మార్చిన. గంతే."

"ఒక్క బల్బేనా?" అంది ఓదెమ్మ చాయ్ వడపోస్తూ. సోమనర్సయ్య కథ ఇంత చిన్నగా మొదలవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఒక్కటే అక్క. నేను అబద్దమాడ. గని ఆ బల్బు కథ జర ఇనాలె. అమెరికాల బండ్లు రోడ్డుకు కుడి దిక్కున నడుస్తయి, మనకాడ ఎడమ దిక్కున. డిమ్ము కొడ్తే వెలుగు మన పక్కన రోడ్డంచుకు పడాలె గని ఎదురొచ్చేటోని కండ్లల్ల పడొద్దు, రూలు గది. మరి గాళ్ల కారు డిమ్ము యాడ పడ్తది? కుడి అంచుకు. మనకాడ కుడి దిక్కున ఎవడొస్తడు? ఎదురు లారీ. ఔనా కాదా జైసింగన్నా?"

"ఔను. కండ్లు బైర్లు కమ్ముతయి" అన్నాడు జైసింగ్. ఇంతవరకు మాట నిజమే కాబట్టి ఒప్పుకోవడానికి ఆయనకేం ఇబ్బంది లేదు.

"ఆ. గందుకే ఇన్‌స్పెక్టర్ సారు, ఆయన తప్పేం లేదు, వెలుగును ఎడమకు తిప్పుకొని రమ్మన్నడు. హైదరాబాదోళ్లేమో లైటు అమెరికా నుంచి రావాలె, ఓడెక్కాలె, దిగాలె అన్నరు. నేను ఓడ కోసం చూస్తనా? లైటు మీద చెయ్యేసి జర గిట్ల తిప్పిన. జర ఎక్కువ తిరిగినట్టుంది. గప్పుడేమైందో ఎరుకేనా? వెలుగు పోయి పోయి, ముందటున్న మలుపు కాడ తానే తిరిగి, ఆ పెద్దమనిషి ఇంటెనుకకు పోయి, పొద్దట్నుంచి కనవడని ఆయన బర్రె మీద పడి ఆగింది. ఇంటోళ్లు వెలుగు పట్టుకొని పోయి బర్రెను తోలుకొచ్చుకున్నరు."

"వెలుగు మలుపు తిరుగుతదా?" అన్నాడు జైసింగ్.

"మన లారీల వెలుగు తిరగదన్నా. ఇది అమెరికాది. రోడ్డు యాడికి పోతే ఆడికి పోతది."

కొండల్ గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం దాకానే టైముందనీ, ముందు లైటు సంగతి చూసి తర్వాత బర్రె సంగతి చెప్పుకుందామనీ మెల్లగా అన్నాడు. సోమనర్సయ్య ఆయన భుజం మీద చెయ్యేశాడు. లైటు సంగతే చెప్తున్నానని, తెలివిగలోడు పనికి ముందు ఆలోచన చేస్తాడని, తాను ఇప్పుడు ఆలోచనలోనే ఉన్నానని చెప్పి, ఇంకో చాయ్ పొయ్యమని ఓదెమ్మకు సైగ చేశాడు.

"ఇగ ఎనుక లైట్ల ముచ్చట. గాళ్ల కార్లకు ఎనుక ఇండికేటర్లు ఎర్రగుంటయి. మనకాడ ఎర్రది బ్రేకుకే, ఇండికేటరంటే పసుపచ్చగ ఉండాలె. అద్దం మార్చాలె గదాని కారును నేనే నడుపుకుంట గీ షాపుకు తెచ్చిన. రైల్వే గేటు కాడికి వచ్చి మలుగుదామని ఇండికేటర్ ఏసిన. ఎర్ర లైటు, ఆరుడు వెలుగుడు, ఆరుడు వెలుగుడు. కాజీపేట దిక్కు నుంచి బొగ్గు గూడ్సు వస్తున్నది, డ్రైవర్ చూసిండు, సిగ్నల్ అనుకొని బ్రేకేసిండు. దానెనుక ఇంకో బండి, గా దానెనుక ఇంకోటి, ఆగుతనే ఉన్నయి. నాకు చెమటలు పట్టినయి, అబద్దమెందుకు. గీడికి ఉరికొచ్చి ఓదెమ్మక్క డబ్బల నుంచి పసుపు తీస్కపోయి, జర మంచి నూనె కలిపి, ఆ ఎర్ర అద్దాలకు పూసిన."

"నా డబ్బలకెల్లి ఎప్పుడు తీసినవ్ రా?" అంది ఓదెమ్మ.

"నువ్వు పాలు పొంగుతున్నయని అటు తిరిగినవక్క, గప్పుడు."

పసుపు మాట చెవిన పడగానే రుక్మిణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. కాసేపు నేలను చూస్తూ ఏదో గుర్తు చేసుకుంది. తర్వాత బెంచీ మీదున్న స్క్రూడ్రైవర్ తీసుకుని, కొంగు బొడ్లో దోపుకుని లేచి పోయింది. కొండల్ ఎక్కడికని కళ్లతో అడిగితే, కూర్చోమని చేత్తోనే చెప్పింది. ఆమెకు కూసుండి కూసుండి నడుం పట్టినట్టుందని సోమనర్సయ్య అనుకున్నాడు, కథ మాత్రం ఆపలేదు.

"పసుపు పూసిన, ఎరుపు పోయి పసుపచ్చ అయింది. పసుపచ్చ చూసి డ్రైవర్ మెల్లగ కదిలిండు. మెల్లగంటే ఎట్లా, బండి పక్కన నడిచే మ్యాక లోపలున్న మనుషులను దాటిపోతున్నది. గిట్లయితే ఎనుక బండ్లల్లున్నోళ్లు నన్ను తిట్టుకుంటరని ఇన్ని ఏపాకులు తెంపి, నలిపి, ఆ రసం కూడ పూసిన. అద్దం ఆకుపచ్చగయింది. గప్పుడు చూడాలె. డోర్నకల్‌ల ఆగాల్సిన బండి విజయవాడల ఆగింది. ఆగలే, ఆపిన్రు."

జైసింగ్ నవ్వు బిగబట్టుకున్నాడు. గూడ్సు బండిలో మనుషులెందుకుంటారని అడుగుదామనుకున్నాడు గానీ, అడిగితే వాళ్లెక్కడివాళ్లో, ఏ పెళ్లికి పోతున్నారో కూడా వినాల్సి వస్తుందని ఊరుకున్నాడు.

"ఇగ అసలు పరీక్ష. సారు ఏదో పని మీద గిటు దిక్కు వచ్చిండు, ముందటి లైట్లు గీడనే చూస్తనన్నడు. చూసుడంటే ఉత్తగ గాదు పటేలా. రెండు లైట్లు ఒక్క తీరు వెలగాలె, వెలుగు గోడ మీద ఎంత ఎత్తున పడ్తదో చూడాలె. గా యార్డు గోడ ముందట కారు పెట్టినం. ఇస్విచ్ ఒత్తిన. గోడ మీద వెలుగు లేదు. సారు, ఏందయ్యా, వెలగలేదు గదా అన్నడు. నేనన్న, సార్, జర గోడకు అవతల చూడుండ్రి అని."

"అవతలేమున్నది?" అని కొండల్ అడిగేశాడు. అడిగాక తన మీద తనకే కోపం వచ్చింది.

"యార్డు. యార్డుల మక్కలు. ముసురుకు తడిసిన కుప్పలు, తేమ ఎక్కువున్నదని ఎవ్వలు కొంటలేరు, రైతులు నెత్తిన చేతులు పెట్టుకొని కూసున్నరు. నా వెలుగు గోడ దాటుకొని పోయి ఆ కుప్పల మీద పడ్డది. కుప్పలల్లకెల్లి ఆవిరి లేసింది. తేమ మిషన్ పెడ్తే సూది ఎనుకకు తిరిగింది. రైతులు నన్ను భుజాల మీదికి ఎత్తుకుందామని వస్తున్నరు, ఇంతల్నే ఒక గింజ టప్పుమన్నది. మల్ల ఇంకోటి. ఇగ చూడు, యార్డంత టపటపటప, మక్కలన్ని పేలాలై లేసినయి. తెల్లగ, పత్తి మార్కెట్టే అనుకోవాలె. వాసన జనగామ దాక పోయి ఆడి పిల్లలు బడికెల్లి బయటికొచ్చిన్రట."

"మరి రైతుల గతేంది?" అంది ఓదెమ్మ. ఆమె తమ్ముడి మక్కలు కూడా యార్డులోనే ఉన్నాయి, అబద్ధమైనా సరే వాటికి ఏమైందో తెలుసుకోవాలనిపించింది.

"నేనుండంగ రైతుకు నష్టం రానిస్తనా? డిమ్ము కొట్టిన. పేలాలన్ని మల్ల మక్కలైనయి."

"పేలాలు మక్కలెట్లయితయి సోమనర్సయ్యా?" జైసింగ్ ఇక ఆపుకోలేకపోయాడు. ఆయన లారీ నిండా మక్కలే మరి.

"అప్పర్ కొడ్తే పేలాలు, డిమ్ము కొడ్తే మక్కలు. గందుకే అన్నా, ఊరికే అప్పర్ కొట్టొద్దనేది."

మబ్బు ఇంకాస్త కమ్ముకుంది. చాయ్ బండి రేకు కింద చీకటిగా ఉంటే ఓదెమ్మ గిన్నె దగ్గరికి వంగి చూస్తోంది. కొండల్ పని చేస్తావా చేయవా అని అడిగేశాడు. గొంతులో కోపం లేదు గానీ భయం ఉంది. అమ్మ పొద్దున్నే లేచి, ఏమాయె బిడ్డా, నన్ను తీస్కపోతవా అని అడిగిందని, ఏం చెప్పాలో తెలియక గబగబా బయటికి వచ్చానని చెప్పాడు. సోమనర్సయ్య మెత్తబడ్డాడు. మెత్తబడినప్పుడు ఆయనకు వచ్చేది కూడా కథే.

"అయ్యో పటేలా, గింత పరేషాన్ ఎందుకు. ఆఖరు ముక్క ఇను, నీ దిగులంత పోతది. డిమ్ము కొట్టి కారును జర ఎనుకకు తీసిన, ముందటి టైర్లు మిట్ట ఎక్కినయి, లైట్లు పైకి లేసినయి. వెలుగు పోయి మబ్బులకు తాకింది. భూపాలపల్లి కరెంటు ప్లాంటోళ్లు ఫోన్ చేసిన్రు, అన్నా, జర బందు పెట్టు, ఊర్లల్ల ఎవ్వలు బల్బులు ఏసుకుంటలేరు, మా కరెంటు ఎవ్వలు తీస్కుంటలేరు అని. నేను ఇంటనా? మబ్బు నడిమిట్ల చినిగింది. ఆ చినిగిన కాడికెల్లి సూర్యుడు బయటికొచ్చిండు. కిందికి చూసిండు. నా లైటు చూసిండు. కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఏమన్నడో ఎరుకేనా? సోమనర్సయ్యా, జర డిమ్ము కొట్టు, ఎదురొస్తున్న, అన్నడు. రూలు రూలే గదా. ఎదురొచ్చేది ఎవ్వలైనా సరే, డిమ్ము కొట్టాలె. కొట్టిన. సూర్యుడు చెయ్యి ఊపుకుంట దాటిపోయిండు."

ఎవ్వరూ నవ్వలేదు. సోమనర్సయ్యకు ఆశ్చర్యమేసింది. కొండల్ నోరు తెరుచుకుని లేచి నిలబడ్డాడు. జైసింగ్ కూడా లేచాడు. ఓదెమ్మ చేతిలో చాయ్ వడపోసే జాలి అట్లాగే ఆగిపోయింది. రేకు కింద చీకటి పోయి, గ్లాసులు, గిన్నెలు, ఓదెమ్మ ముక్కుపుడక అన్నీ ఒక్కసారిగా మెరిశాయి. తన కథ ఇంత పని చేస్తుందని సోమనర్సయ్యే ఎప్పుడూ అనుకోలేదు.

"లేస్తున్నరేంది? ఇంకా చంద్రుని ముచ్చట ఉన్నది."

"వెనుకకు తిరిగి చూడు తమ్మీ" అంది ఓదెమ్మ. "సూర్యుని కండ్లు బైర్లు కమ్మినయంటివి, నీ ఈపు మీద పడ్డ వెలుగు నీకు తెలుస్తలేదా?"

సోమనర్సయ్య తిరిగాడు. అమెరికా కారు రెండు లైట్లూ ఒక్క తీరుగా వెలుగుతూ సూటిగా ఆయన మొహం మీద పడ్డాయి. ఎడమ వైపు స్టీరింగ్ ముందు రుక్మిణి కూర్చుని ఉంది. ఆమె కొంగు చివర పసుపు అంటి ఉంది. కారు ఇంటికి వచ్చిన రోజు పూజ చేసింది ఆమే. హారతిచ్చి, కుడి లైటు ముందర కొబ్బరికాయ కొట్టి, దాని మీద చెంబెడు పసుపు నీళ్లు పోసింది. ఆ నీళ్లు అద్దం సందులోంచి దిగి, వెనకాల తీగలు కలిసే చోట ఎండి గడ్డకట్టాయి. లైటు వెలగకపోతే ఊళ్లో అందరూ దిష్టి అన్నారు, ఆమె కూడా అవునేమో అనుకుంది. ఇప్పుడు చుట్టు రింగు విప్పి, ఆ పసుపంతా కొంగుతో తుడిచి, తీగలు మళ్లీ గుచ్చి వచ్చి స్విచ్ వేసింది.

కొండల్ పరుగున పోయి అవతలి సీట్లో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, వెలుగుకో మరి దేనికో. రుక్మిణి కారు స్టార్ట్ చేసింది. సోమనర్సయ్య కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, దారి మధ్యలో నిలబడి అడిగాడు.

"అక్కా, జర డిమ్ము కొట్టు."

రుక్మిణి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"డిమ్ము ఎదురొచ్చేటోళ్లకే, అన్నా. నువ్వు ఎదురొస్తలేవు, అడ్డం నిలబడ్డవ్. జర పక్కకు జరుగు, మేము మానుకోట పోవాలె."