వెనక మలుపు

పిఠాపురంలో ఒక అర్చకుల ఇల్లు. తమ్ముడు కంప్యూటర్ ముందు స్టీరింగ్ పట్టుకుని, గుండ్రటి ట్రాక్ మీద ఆన్‌లైన్ కారు రేసుకి క్వాలిఫై అవ్వాలని చూస్తున్నాడు. అక్క వెనక నిలబడి ఉంది.

“ఒక్క రౌండే మిగిలిందక్కా. ఇదీ పోతే రేసులో చోటుండదు.”

“ప్రతిసారీ వెనక మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నావేంట్రా?”

“తియ్యట్లేదే.”

“తీస్తున్నావు. తల కూడా వంచుతున్నావు. గుడిలో ప్రదక్షిణ చేస్తూ గర్భగుడి వెనక ఆగి దణ్ణం పెడతావు చూడు, అచ్చం అలాగే.”

“చిన్నప్పట్నించీ నాన్నగారి వెనక తిరిగిన అలవాటక్కా.”

“అయితే ఆ దణ్ణమేదో ఇప్పుడే పెట్టేసుకో. మధ్యలో ఆగకు.”

అతను దణ్ణం పెట్టుకుని కారు కదిలించాడు. ఈసారి తల వంచలేదు.

“చోటు దొరికిందా?”

“దొరికిందక్కా. ప్రదక్షిణ మాత్రం పూర్తయినట్టు లేదు.”