బియ్యం నిండుకున్నాయి

మసేనమ్మని ఉండేదంట, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ కాడ పల్లెలో. తెరచాప ఓడలు రంగూను ఎల్లే రోజులనుకో. ఓడ కదిలిందంటే నడిసముద్రంలో కొట్టుండదు, సంతుండదు కదా, అందరికీ సరిపడా తిండి ముందే సర్దాలి. ఆ సర్దడం మసేనమ్మది. ఉప్పుడు బియ్యం ఎండబెట్టి కాగుల్లో పోసేది, చింతపండు ఉప్పేసి ముద్దలు చేసేది, ఎండుచేపలు, పేలపిండి, నిమ్మకాయ ఊరగాయ, అన్నీ ఆవిడ చేతి మీదే. ఆవిడ సర్దిన ఓడలో పురుగు పట్టిందన్న మాట లేదంట. మొగుడు బంగారయ్య కూడా ఆ ఓడ మీదే తెరచాపలు కట్టేవోడు. అంతా బాగానే ఉంది గానీ, ఆవిడ నోట 'లేదు' అన్న మాట మాత్రం వచ్చేది కాదు. ఎందుకంటే చిన్నప్పుడు వాళ్ల నాన్న ఓడెక్కుతుంటే మంచినీళ్ల పీపాలోకి తొంగి చూసి, "నాన్నా, నీళ్లు లేవు" అన్నాదంట. బయల్దేరేటప్పుడు ఆ మాటేటని మేనత్త నోటి మీద కొట్టింది. నాన్న మరి తిరిగి రాలేదు. నా నోరే మా నాన్నని మింగేసిందని పాపం ఆ పిల్ల మనసులో పడిపోయింది. మేనత్త ఆ మాట పైకే అనేది కూడాను.

ఒకేడు ఏమైందంటే, ఆ ఓడకి కొత్త సరంగు వచ్చేడు, చినకొండయ్యని. ఓడ నడపడంలో గట్టోడే గానీ వంటింటి గడప తొక్కినోడు కాదు. కాగులు ఓడ అడుగునే ఉంటాయి. మసేనమ్మ సగం కాగుల్లో బియ్యం పోసి, ఉప్పునీళ్లు పడకుండా ఖాళీవాటికి కూడా మూతలు పెట్టి, మిగతా బియ్యం కోసం ఇంటికొచ్చింది. చూస్తే ఇంట్లో ఉప్పుడు బియ్యం అయిపోయినాయి. సరిగ్గా అప్పుడే సరంగు వీధిలోంచి, అమ్మా, బియ్యం సంగతేటని కేకేశాడు. ఈవిడ పేలాలు విసురుతా విసురుతా "నిండుకున్నాయి బాబూ" అన్నాది. ఇంట్లో బియ్యం అయిపోతే మనం లేవంటామా? నిండుకున్నాయంటాం. బండి కట్టించి ఇంకొన్ని బస్తాలు పంపమని ఆవిడ ఉద్దేశం. ఆయనేమో కాగులన్నీ నిండిపోయాయనుకున్నాడు. మంచిదమ్మా అని చక్కా పోయాడు. ఈవిడ బండి కోసం చూస్తా కూచుంది.

బండి ఎంతకీ రాలేదు. ఇదేటా అని ఒడ్డుకెళ్తే, ఓడ అప్పటికే మొగ దాటి లంగరేసుకుని ఉంది, గాలి లేస్తే పోవడమే. అక్కడున్నోళ్లని అడిగితే, కాగులన్నీ నిండిపోయాయని నువ్వే సరంగుతో చెప్పేవంట కదా అన్నారు. తన మాట ఎలా తిరగబడిందో మసేనమ్మకి అప్పుడర్థమైంది. అయినా ఏడుస్తా కూచోలేదు, ఇంటింటికీ పోయి కొంగు పట్టింది. వాళ్ల మొగుళ్లూ ఆ ఓడ మీదే కదా, ఏ ఇంటి ఆడది ఆ ఇంట్లో ఉన్నది తెచ్చి పోసేసింది. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయాయి. గింజలో గింజ కలవనీయని మనిషి, అదే బస్తాలకెత్తుకుని నావెక్కి బయల్దేరింది.

ఓడ కాడికి చేరేసరికి గాలి లేచింది, లంగరు లాగుతున్నారు. కాగుల మూతలు తీసి చూడండి బాబూ అని ఈవిడ అరుస్తుంది. చూడక్కర్లేదమ్మా, నిండుకున్నాయన్నావు కదా అంటాడు సరంగు. అదే బాబూ, నిండుకున్నాయి అంటాది. మంచిదేగా అంటాడాయన. నవ్వకండర్రా, అక్కడ ఆవిడ ప్రాణం పోతుంది. పైనుంచి బంగారయ్య, పెళ్లాం సాగనంపడానికి వచ్చిందనుకుని చెయ్యూపుతున్నాడు. ఆ మాటంటే మొగుడు నాన్నలాగే పోతాడేమోనని భయం, అనకపోతే ఆకలితో పోతాడు. చివరికి నావలో లేచి నిలబడి అరిచింది.

"లేవయ్యా. బియ్యం లేవు."

బంగారయ్య గబగబా దిగి మూతలు తీస్తే, సగం కాగుల్లో అడుగు కనపడ్డాది. సరంగు తనే ముందు లంగరు తాడు పట్టేడు. లంగరు మళ్లీ వేసి బస్తాలు పైకి లాగేరు. మసేనమ్మ నావలో కూలబడి, అనేశాను, నా నోరు పడిపోనూ, అని ఒకటే ఏడుపంట. అప్పుడు బంగారయ్య ఓడ అంచు మీంచి వంగి చెప్పేడు:

"ఆనాడు కూడా నువ్వు చెప్పింది నిజమే కదే. నువ్వు అన్నందుక్కాదు మీ నాన్న రానిది. ఎవరూ ఇనలేదు, అందుకు."

ఓడ రంగూను ఎల్లింది, సుఖంగా తిరిగొచ్చింది కూడాను. దారంతా నూకలు కలిసిన అన్నం పెట్టేరని మగాళ్లు మాత్రం ఏడాది పొడుగునా సణిగేరంట. ముసలి మేనత్తేమో, అంత అపశకునం పలికినా ఓడ ఎలాగొచ్చిందో అని మూతి తిప్పుకుంది. అలాంటోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మనూళ్లో ఎవరో నేను చెప్పను బాబూ, ఇక్కడే కూచుని ఇంటుంది.