చెంబెడు నీళ్లు

చేలో, నేల తేమ కొలిచే పరికరం పక్కన కోడలు గొంతుక్కూర్చుంది. మామగారు కర్ర ఊతంగా నిలబడ్డారు.

“మామయ్యా, పరికరం మొదట్లో ఈ చెంబేంటి?”

“నాదేనమ్మా. నేల ఎండిందని ఇది నీ ఫోన్లో ఎర్రగీత చూపినప్పుడల్లా నీ మొహం మాడిపోయేది. చూడలేక రోజూ చెంబెడు నీళ్లు పోసేవాణ్ణి.”

“కొంప ముంచారు! ఇన్నేళ్ల కరువు తర్వాత మన నేలలో తేమ నిలిచిందని, నెల్లాళ్లుగా గీత పచ్చగానే ఉందని, పొద్దున్నే ఆఫీసంతా మిఠాయిలు పంచాను. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని వెళ్లను?”

“ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లు. నేను పోసినన్నాళ్లూ అది ఎర్రగానే ఉంది కదా! ఇంత ఎండిన నేలకి చెంబెడు నీళ్లు ఏ మూలకి?”

“మరి పచ్చబడ్డాక?”

“అప్పటికే మోకాళ్లు పట్టేసి మంచమెక్కాను. మళ్లీ చేలోకి రావడం ఇవాళే.”

“అంటే... ఈ నెలంతా మీరు పొయ్యనేలేదా? వాన కూడా పడలేదే!”

“పోయిన నెల్లో పడ్డ ఆ ఒక్క వానని నువ్వు తవ్వించిన కందకాలు పట్టుకున్నాయమ్మా. ఆ పరిచిన గడ్డి తీసి, పిడికెడు మట్టి పట్టి చూడు.”

“ముద్దవుతోంది మామయ్యా! ఎంత చల్లగా ఉందో!”

“కాస్త అవతలికి జరుగు తల్లీ. ఆ కన్నీళ్లు పరికరం మీద పడ్డాయంటే ఈసారి నిజంగానే లెక్క తప్పుతుంది.”