మారయ్య కూతవేటు

మారయ్యకు కోపం వస్తే పాతబడదు. ఊరగాయ మాదిరి, రోజులు గడిచేకొద్దీ ఘాటెక్కుతుంది.

ఆ శనివారం సాయంత్రం సింగపూర్ టోవా పాయోలో, తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో, కోపీ అనే అక్కడి కాఫీ ముందర పెట్టుకుని ఒక్క గుక్క కూడా తాగలేదు. అందులో చక్కెర పడిందని కాదు. పడి ఉంటే ఎప్పుడో వెనక్కి పంపేవాడు. పక్క కుర్చీలో గణపతి కూచున్నాడని.

సంగతేమంటే, ఎదురుగా కూచున్న సుచిత్ర యూనివర్సిటీలో పక్షుల మీద పరిశోధన చేస్తోంది. నెలకోసారి పడవెక్కి పులావ్ ఉబిన్ దీవికి పోయి, అక్కడి అడవికోళ్ళను కూత విని లెక్కపెడుతుంది. తోడుగా ఒక మనిషి కావాలి. పోయిన నెల గణపతిని తీసుకుపోయింది. గణపతికి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. అలాంటివాణ్ణి కూతలు వినడానికి తీసుకుపోయి, నల్లమల అడవి అంచున పుట్టిన తనను ఇక్కడ కోపీ ముందర కూచోబెట్టడం ఏం న్యాయం? పైగా ఆ పడవలో దిగిన ఫోటోను గణపతి కనబడ్డవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. రేపు పొద్దున సుచిత్ర మళ్ళీ పోతోంది. ఈసారి పోవాల్సింది తానే. అయితే నోరు తెరిచి అడగడం మారయ్య ఇంటావంటా లేదు. ఆ పిల్లే అడగాలి.

అందుకని, ఎవరూ కదిలించకుండానే ఎత్తుకున్నాడు.

"కోడి కూత ఇనేది ఏం గొప్ప సుచిత్రమ్మా? అది ఎంత దూరాన ఉండాదో చెప్పల్ల, అదీ గొప్ప."

"మీరు చెప్పగలరా అంకుల్?"

"చిన్నప్పుడు మా నాయన ఎంబడి అడివికి కట్టెలకు పోతాంటి. కోడి కూస్తానే 'ఎంత దూరంరా' అనేవోడు. తప్పు చెప్తే మొట్టికాయ. అట్ల నేర్చుకున్న్యా. కూత చివర్న గొంతు గీరినట్టు ఒక గరగర ఉంటాది. ఆ గరగర ఇనపడిందా, వంద గజాల లోపల ఉన్నట్టు. ఒట్టి కూతే వచ్చి గరగర రాలేదా, దాటి ఉన్నట్టు. మళ్ళ అది అటు తిరిగి కూసిందనుకో, దగ్గరున్నా దూరమున్నట్టు మోసం చేస్తాది. చెట్టు మీద ఉంటే ఒక తీరు, పొదలో ఉంటే ఇంకో తీరు."

సుచిత్ర కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మా ప్రొఫెసర్ కూడా అచ్చం ఇదే చెప్తారు అంకుల్!"

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే గణపతి జేబులోంచి ఫోను తీసి, ఎదురుగా కూచున్న కోనసీమ బాబ్జీకి పడవ ఫోటో చూపించడం మొదలుపెట్టాడు. మారయ్య గొంతు పెంచాడు.

"అది మా ఊర్లో. ఈ దేశమొచ్చినాక ఏమైందో తెల్సా? తంజోంగ్ పగార్ రేవులో నేను క్రేన్ మీదుండగా, ఒక ఏడు పొగ కమ్మింది సూడు, పక్క దేశంలో అడవులు కాలి. నా చెయ్యి నాకే కనపడ్లా. ఓడలన్నీ సముద్రంలోనే నిలబడిపోయినాయి. అందులో ఒక అమెరికా ఓడ. దాని కెప్టెను ఒక అడివి టర్కీ కోడిని సాకుతాండాడు. అది మన కోడి మాదిరి కొక్కొరొకో అనదప్పా. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిచ్చినట్టు గడగడగడ అంటాది."

"అంతకుముందు టర్కీ కోడిని ఎప్పుడైనా విన్నారేంటండీ?" అన్నాడు బాబ్జీ.

"ఇన్లా. ఇనాల్సిన పనేముంది? గరగర ఏ దేశానిదైనా గరగరే."

"ఓడలకి రాడార్లుంటాయి కదండీ మారయ్య గారూ?"

"ఆ పొద్దు రాడారు కూడా దగ్గుతాండె. నేను వాకీటాకీ తీసుకుని చెప్పినా. కెప్టెనూ, నీ కోడి నాకు మూడు వందల గజాల్లో ఉండాది, మొగం కుడిపక్కకు పెట్టుకోనుండాది, ఓడను ఎడంపక్కకు తిప్పు అని. తిప్పినాడు. గుడ్డు మీద కోడి కూచున్నంత మెత్తగా వచ్చి గట్టుకు ఆనింది ఓడ."

"అబ్బబ్బా!"

"అబ్బబ్బా అని అప్పుడే అయిపోగొట్టొద్దు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఎనక ఓడలన్నీ నాకంటే నాకని మొత్తుకోబట్టినాయి. కోడి లేని ఓడను నేనేం చెయ్యల్ల? కెప్టెన్లంతా చిన్న పడవలేసుకుని గట్టుకొచ్చి, టెక్కా మార్కెట్లో ఉన్న కోళ్ళన్నీ గంపల్లో ఎత్తుకపోయినారు. ఆ వారం సింగపూర్లో చికెన్ రైస్ దొరికిందా? దొరకలా. ఎందుకనుకుంటాండారు?"

"ఆ పాపం మీదేనన్నమాట! వారమంతా చేపముక్క నమిలి చచ్చానండి నేను."

"ఓడకొక కోడి. అన్నీ ఒక్కసారే కూస్తాంటే దేని కూత దానికి ఇడదీసి, దేని దూరం దానికి చెప్పి, ఒక్కొక్కదాన్నీ రేవులో కట్టించినా. దాంతో నా చెవికి ఎంత పదునొచ్చిందంటే, కోడి కూయకముందే ఇనపడబట్టింది."

"కూయకముందా!"

"కూత ముందు కడుపులో పుడతాది కదప్పా? ఆడ కదిలినప్పుడే నాకు తెలుస్తాది."

బాబ్జీ కప్పు కింద పెట్టేశాడు, చేతిలో ఉంటే ఒలికిపోతుందని. సుచిత్ర మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటోంది.

"ఇక్కణ్ణుంచి ఉబిన్‌లో కూసే కోళ్ళు వినపడతాయా అంకుల్?"

మారయ్య గుండె ఒక్క గెంతు గెంతింది. దీవి పేరు ఆ పిల్ల నోటినుంచే వచ్చింది. ఇంక పిలుపే తరువాయి. ఇప్పుడు తగ్గి మాట్లాడితే చేతికందింది జారిపోతుంది.

"ఉబినా? ఉబిన్ దాటి అవతల మలేషియా గడ్డ మీద జొహోర్‌లో కూసేటివి కూడా ఇనపడతాయి. అంతెందుకు, మా నల్లమలలో తెల్లారి కూసిన కూత మధ్యాన్నానికి నా ఫ్లాటు కిటికీ కాడికొచ్చి చేరతాది. సముద్రం మీదుగా వస్తాది కదా, రవ్వంత ఉప్పగా ఉంటాది."

బాబ్జీ బల్ల మీద తల వాల్చేశాడు. వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"నిజంగా వినపడుతుందా అంకుల్?"

"నా చెవుల మీద ఒట్టు."

"అయ్యో," అంది సుచిత్ర. "అయితే మిమ్మల్ని తీసుకెళ్ళడం కుదరదే! ఈసారి మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."

"ఏమి? ఎందుకు కుదరదు?"

"నేను వంద మీటర్ల లోపున్న కోళ్ళనే లెక్కేస్తాను అంకుల్. దాటినది ఒక్కటి కలిసినా నా కౌంట్ పాడైపోతుంది. మీరొస్తే జొహోర్ కోళ్ళు, నల్లమల కోళ్ళు, ఇంకా కూయని కోళ్ళు, అన్నీ వచ్చి పడతాయి. గణపతి అంకుల్‌కి వంద మీటర్లు దాటితే పిడుగు పడ్డా వినపడదు. పోయిన నెల కౌంట్ ఎంత శుభ్రంగా వచ్చిందో!"

మారయ్య చూపు గణపతి ఫోనులోని పడవ మీద పడింది.

సుచిత్ర కాస్త ముందుకు వంగి మెల్లగా అంది. "పోనీ ఒక పని చేయండి. ఆ గరగర సంగతి ఒక్కటే నిజం, మిగతాదంతా సరదాకి అన్నానని ఒక్క మాట చెప్పండి చాలు. పొద్దున ఆరింటికి చాంగీలో పడవల దగ్గరికి వచ్చేయండి."

గరగర సంగతి నిజమే. వంద గజాల లోపల ఏ కోడి ఎక్కడున్నా మారయ్య కళ్ళు మూసుకుని చూపించగలడు. ఆ పిల్లకు కావాల్సింది కూడా అంతే. కానీ ఆ ఒక్కటే నిజమంటే అమెరికా కెప్టెను ఏమైపోవాలి? కట్టిన ఓడలన్నీ తాళ్ళు తెంపుకుని మళ్ళీ సముద్రంలోకి పోవాలా? అదీ బాబ్జీ ముందర! వాడు బల్ల మీంచి తల ఎత్తి, తుడుచుకున్న కళ్ళతో ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

మారయ్య చల్లారిపోయిన కోపీ ఎత్తి గటగటా తాగేశాడు.

"ఇనపడే చెవిని ఇనపడదని ఎట్ల చెప్పేది తల్లీ?" అన్నాడు. "గణపతినే తీసకపో."

మారయ్య పెదవుల మీద తన పేరు ఆడడం చూసి గణపతి ఫోను పక్కన పెట్టాడు. "ఏందిరా మారయ్యా? నా గురించేనా?"

బాబ్జీ చెబుతాడేమోనని చూస్తే వాడికి మళ్ళీ నవ్వు తెర వచ్చి ఊపిరాడడం లేదు. సుచిత్ర బుద్ధిమంతురాలిలా కప్పులోకి చూస్తోంది. ఇక తప్పక మారయ్యే వంగి, గణపతి చెవిలో నోరు పెట్టి, ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాడు.

"రేపు పొద్దున ఉబిన్‌కు నిన్నే రమ్మంటాంది!"

చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా తిరిగి చూశారు. కోపీ కొట్టులో చైనీస్ ఆంటీ చేతిలో గరిటె జారవిడిచింది.

గణపతి తల అటూ ఇటూ తిప్పి, కళ్ళు చిట్లించాడు.

"ఎంత దూరాన్నుంచి మాట్టాడుతున్నావురా? కాస్త దగ్గరికొచ్చి చెప్పు."