మేఘాన్ని మళ్లించిన హీటరు

రాజపాళయంలో చలి ఉంటుందా అని నవ్వేవాళ్లు మా ఊరిని ఎండాకాలంలో చూసినవాళ్లు. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, కొండ మీద వాన పట్టి, ఆ తడిగాలి ఊర్లోకి దిగినప్పుడు రావాలి వాళ్లు. అడవిపందికి ఎదురు నిలిచే మా తెల్ల వేటకుక్కలు కూడా పొయ్యి బూడిదలో ముడుచుకొని పడుకుంటాయి. కుక్కల సంగతి ఎత్తుకుంటే ఇప్పట్లో తెమలదు. సీతారామ సంగతి చెప్తాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు అది. సీతారామ తల్లి కనకమ్మకు ఉబ్బసం. చలికి ఆమె కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయేవి. కుంపటి పెడదామంటే పొగకు ఊపిరాడదు. "ఇంట్లో కరెంటు ఉంది కదా, హీటరు కొనండి" అన్నాడు డాక్టరు. ఏ రకమో ఆయన చెప్పలేదు. మదురైలో రెండు రకాలు ఉన్నాయని విన్నాడు సీతారామ. తప్పు రకం తెచ్చినాడంటే ఈ చలి గడిచేలోపల ఇంకొకటి తెచ్చే వీలు లేదు. అమ్మ ఈ చలి దాటుతుందా అన్నదే వాడి దిగులు. ఊర్లో హీటరు కొన్న మనిషి ఒక్కడే ఉన్నాడు, వరసకు మామ, సుదర్శన రాజా. ఒకటి అడిగితే పది చెప్తాడని తెలిసి కూడా, మదురై బస్సుకు ముందే ఆయన తిన్నె ఎక్కినాడు.

జవుళి అంగడి అళగర్ నాయుడు అప్పటికే అక్కడ కాపీకి కాచుకొని ఉన్నాడు.

"హీటరా! సరైన చోటికే వచ్చినావురా" అని సుదర్శన రాజా కాళ్లు ముడిచి కూర్చున్నాడు. "రెండు రకాలు. ఒకటి తట్ట మాదిరి ఉంటుంది, నడుమ తీగ ఎర్రగా కాలుతుంది, ఎదురుగా ఉన్నవాడికి సెగ, పక్కవాడికి సున్న. అదొక పిచ్చుక. రెండోది ఇనపది, లోపల నూనె, ఎద్దు పక్కటెముకల మాదిరి బయటికి గొట్టాలు. అది మనిషిని కాచదు, చుట్టూ ఉన్న గాలినంతా కాచుతుంది. మీ అత్త మంగళానికి నేను పిచ్చుకను తెస్తానా? ఎద్దునే తెచ్చినాను. దించేదానికి నలుగురు పట్టినారు."

"పోయినసారి ఇద్దరన్నావే" అన్నాడు నాయుడు.

"ముందర ఇద్దరు, వెనక ఇద్దరు. అడ్డం రావద్దు. మంచం పక్కన పెట్టి స్విచ్చి వేసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దండెం మీది చీరలు ఆరినాయి. సరి, అది ఏ హీటరైనా చేస్తుంది. గోడల చెమ్మ ఆరింది. ఎదురింటివాళ్లు కంబళ్లు మడిచి పెట్టెలో పెట్టేసినారు. మూడోనాటికి సత్రపట్టిలో వేపచెట్లు చిత్తిరై ఎండలు వచ్చేసినాయనుకొని పూసినాయి. సేత్తూరులో పచ్చికాయగా ఉన్న పత్తి తెల్లారేసరికి పటపటా పగిలి, ఏరేదానికి కూలి ఆళ్లు చాలక మిల్లువాళ్లే గంపలు పట్టుకొని చేన్లోకి దిగినారప్పా!"

"ఏ మిల్లు?"

"ఇప్పుడు మూసేసినారు."

నాయుడు నవ్వినాడు. సీతారామకు నవ్వు రాలేదు. వాడి చూపు గడప దాటి లోపలికి పోయింది.

మా వాళ్ల ఇండ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. గదులు ధాన్యానికీ పెట్టెలకీ. మంచాన పడ్డ పెద్దవాళ్లను గదిలో వేసి తలుపు మూస్తే మర్యాద కాదు. నడుమ ముత్తం, దానికి పైకప్పు ఉండదు, వానా వెన్నెలా నేరుగా దిగుతాయి. దాని అంచునే, స్తంభాల నడుమ, మంచం వేస్తారు. వచ్చేపోయే ప్రతివాడూ "ఎట్లా ఉంది?" అని పలకరించిపోవాలి. మంగళం మంచం అక్కడే ఉండేది, పోయిన మార్గళి దాకా. కనకమ్మ మంచమూ వాళ్లింట్లో అట్లాంటి చోటే ఉంది.

"ఇంకా విను" అంటున్నాడు సుదర్శన రాజా. "ఒకనాడు కొండ మీదనుంచి ఒక నల్లమేఘం సరిగ్గా మా ముత్తం మీదికి దిగింది. మా హీటరు సెగ ముత్తంలోనుంచి పైకి లేచి దాని కడుపుకు తగిలింది. కాలు కాలిన పిల్లి మాదిరి ఒక్క ఎగురు! కొండ దాటి మలయాళ దేశంలో పోయి పడింది. అక్కడ వరద! వాళ్ల వంటపాత్రలు ఇంకా దొరకలేదట. మంగళం మంచం మీదనుంచి చూసి, ‘మేఘాన్నే తరిమినారే’ అని నవ్వింది."

"అత్తకు వెచ్చగా ఉండిందా మామా?" అన్నాడు సీతారామ.

"అదొక ప్రశ్నా? చెమట పట్టి విసనకర్ర అడిగింది! ఆ తర్వాత ఏమైందో..."

"నాకు తెలుసు బావా."

గోమతి కాపీ లోటాలతో గడపలో నిలబడి ఉంది. మంగళం చెల్లెలు. అక్కకు చివరిదాకా చేసిన మనిషి.

"ఆ సెగ మేఘానికి బాగా తగిలింది. అక్క పాదాలకే తగల్లేదు. అవి నా ఒడిలో పెట్టుకొని రుద్దినాను. మీరు వచ్చి ‘ఎట్లా ఉంది?’ అంటే ‘వెచ్చగా ఉంది’ అనేది. మీరు గుమ్మం దాటగానే ఇంకో కంబళి కప్పమనేది. అంత ఆశగా తెచ్చినారు కదా, ఎట్లా చెప్తుంది?"

లోటాలు దించి ఆమె లోపలికి పోయింది. సుదర్శన రాజా పైపంచె సర్దుకున్నాడు, మళ్లీ సర్దుకున్నాడు. వీధి చివర బస్సు హారను మోగింది.

"వస్తాను మామా" అని సీతారామ తిన్నె దిగినాడు. నాలుగు ఇండ్లు దాటినాక వెనకనుంచి పిలుపు వినబడింది. ముసలాయన చెప్పులు లేకుండా తడి వీధిలోకి వచ్చి నిలబడినాడు.

"ఆ పిచ్చుకనే తే. నేల మీద పెట్టు, పాదాలకు ఎదురుగా. కంబళి తగలనీయకు."

"సరి మామా."

"మీ అమ్మను వెచ్చగా ఉందా అని అడగవద్దురా" అన్నాడు. "చెయ్యి పెట్టి చూడు."