పంతులుగారి గుమ్మడి గుళికలు

అలా నవ్వకండి డాక్టరమ్మగారూ! గుళిక పైతొడుగు జంతువుల ఎముకలతో చేస్తారని తెలిశాక, పౌరోహిత్యం చేసుకునేవాణ్ణి ఎలా మింగనండీ? అందుకే తొడుగు పారేసి, లోపలి పొడిని తేనెలో రంగరించి నాకుతున్నాను. తప్పా?

ఏముంటుందీ అందులో? గుమ్మడి గింజలూ, అమెరికాలో ఏదో పొట్టి ఈతచెట్టు కాయల సారమూనట. మా బావమరిది జయంత్ తాడేపల్లిగూడెం నుంచి తెచ్చాడు. "ప్రోస్టేటు దానంతటదే సర్దుకుంటుంది బావా, కత్తితో పనిలేదు" అన్నాడు. సీసా మీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ! వాడికేం తెలుసండీ, ధార కోసం గోడ ముందు తపస్సు చేసేవాడి అవస్థ?

ఆహా, గుణం లేకేం! మొదట్లో కొంచెం... మీరలా చూస్తే అబద్ధం నోట రావడం లేదు. లేదండీ, ఏ గుణమూ లేదు. గుండుగొలను నుంచి ఇక్కడికి వచ్చేలోపు ఎన్నిచోట్ల ఆపించానో ఆ ఆటో అబ్బాయిని అడగండి.

మొన్న ఉంగుటూరు పెళ్లిలో నా పరువు గోదాట్లో కలిసింది. పీట మీద కూర్చుని సంకల్పం చెప్పానో లేదో, మొదలైంది. లేచి వెళ్లానా, మళ్లీ స్నానం, మళ్లీ మడిపంచె. ఈలోగా ముహూర్తం దాటిపోదూ? సాక్షాత్తూ బృహస్పతికైనా వస్తే ఆగుతుందా?

"వచ్చేసింది సుముహూర్తం! పెట్టండమ్మా జీలకర్రా బెల్లం!" అని అరిచాను. పెళ్లికూతురి తల్లి శేషారత్నంగారు ఫోను చూసుకుని, "ఇంకా టైముంది కదండీ పంతులుగారూ?" అన్నారు. "ముహూర్తం సూర్యుణ్ణి బట్టి వస్తుందమ్మా, మీ ఫోనును బట్టి కాదు" అన్నాను. భజంత్రీలు మోగాయి. నేను వంటవాళ్ల గ్యాసు సిలిండర్ల వెనక్కి పరుగెత్తాను.

తీరా నిలబడితే ఏముందండీ? నాలుగు చుక్కలు! సంప్రోక్షణకైనా చాలవు.

ఏమన్నారూ? నిరుడే పరీక్ష చేయించుకోవలసిందా? తెలుసండీ. కానీ ఆ సీసాకు ఒక గొప్ప సుగుణం ఉంది. అది నన్ను ఏనాడూ పంచె విప్పమనలేదు.

అదండీ అసలు సంగతి. గుమ్మడి గింజల మీద భక్తీ కాదు, పాడూ కాదు. సిగ్గు. మీరు చూస్తే మా అమ్మాయి ఈడు. ఆ సిగ్గు వెనకాల భయం. మీ వేలికి లోపల గట్టి గడ్డేదైనా తగిలితే? ఇంటికెళ్లి మా ఆవిడ భానుమతికి ఏమని చెప్పుకోను?

అయ్యో, గ్లవ్సు తొడిగేసుకున్నారే!

సరే. గోడవైపేనా? తిరిగాను. ఏమీ మాట్లాడకుండా కానిచ్చేయండి... వద్దొద్దు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండమ్మా.